అమ్మ కంప్యూటర్ అమ్మకి నచ్చినట్టే

అద్దె ఇల్లయినా సరే, దిగగానే మంచం ఎటు వేసుకోవాలో, కుర్చీ ఎక్కడ ఉండాలో మనమే చూసుకుంటాం. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎలా ఇస్తే అలా వాడేస్తాం. అది మన చేతికి కుదరకపోతే, మనకే రాదనుకుంటాం.

మా అమ్మ రిటైర్డ్ టీచర్. అమ్మమ్మ చెప్పిన కథలన్నీ టైప్ చేస్తానంటే, నా పాత ల్యాప్‌టాప్‌లో ఫెడోరా లినక్స్ వేసిచ్చాను. దాని డెస్క్‌టాప్ పేరు గ్నోమ్. 2011లో గ్నోమ్ 3 వచ్చినప్పుడు విండో మూలనుండే మినిమైజ్ బటన్ తీసేశారు. మూసేసే ఇంటూ గుర్తు ఒక్కటే మిగిలింది. అమ్మ విండోని పక్కన పెడదామని అదే నొక్కేది. 'ఏమే, నా కథ ఎక్కడికి పోయిందే?' అని తెనాలి నుంచి బెంగళూరుకి ఫోన్. కొన్నాళ్లకి 'ఈ వయసులో నాకెందుకులే ఇవన్నీ' అనేసింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి ఆ మాట అంటే నాకు మనసొప్పలేదు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు గ్నోమ్ ట్వీక్స్ అనే చిన్న యాప్ వేశాను. ఉచితమే. మౌస్ అమ్మ చేతికే ఇచ్చి పక్కన కూర్చున్నా.

మొదట టైటిల్‌బార్‌లో మినిమైజ్ బటన్ ఆన్ చేసింది. అది వెంటనే వచ్చేసింది.

తర్వాత అక్షరాలు. సెట్టింగ్స్‌లోని లార్జ్ టెక్స్ట్ నొక్కితే ఒకేసారి 1.25 రెట్లవుతాయి. ఆ చిన్న స్క్రీన్‌లో కొన్ని బటన్లు అంచు దాటిపోయాయి. ట్వీక్స్‌లో మనకి కావాల్సినంతే పెంచుకోవచ్చు. 1.15 దగ్గర 'చాలు, వత్తులు కనిపిస్తున్నాయి' అంది.

మూడోది క్యాప్స్ లాక్. అమ్మ ఆర్‌టీఎస్ పద్ధతిలో టైప్ చేస్తుంది. అందులో చిన్న 'టీ' నొక్కితే త, పెద్ద 'టీ' నొక్కితే ట. చెయ్యి పొరపాటున క్యాప్స్ లాక్‌కి తగిలిందా, 'తల' కాస్తా 'టాళా' అయిపోతుంది. ట్వీక్స్‌లో ఆ మీటని పనిచేయకుండా ఆపేశాం.

మొత్తం పావుగంట పని. అమ్మ కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు, కంప్యూటరే అమ్మ దారికొచ్చింది.

ఇప్పుడు పద్నాలుగో కథ నడుస్తోంది. మొన్న ఫోన్ చేసి, 'నైట్ లైట్ అని ఒకటుందే, సాయంత్రం ఐదింటికే వచ్చేలా పెట్టుకున్నా' అంది. నేను చెప్పలేదు. తనే వెతుక్కుంది.