కింది గది

కొడవలూరు నుండి పెన్న దాటి నెల్లూరు చేరి, అక్కడి నుండి తూర్పుగా సుమారు 25 కిలోమీటర్లు వెళితే మైపాడు తీరము. ఉదయము వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. అయితే సముద్రములో నుండి సూర్యుడు ఉదయించుట చూడాలంటే రాత్రి అక్కడే ఉండాలి.

ఒక వేసవిలో మా అమ్మగారిని, పిల్లలను అలాగే తీసుకొని వెళ్లాను. అద్దె తక్కువని ఒకచోట రెండో అంతస్తులో గది తీసుకున్నాను. మోకాళ్ల నొప్పులతో అమ్మ ఒక్కసారి మెట్లెక్కింది; మళ్లీ తిరుగు ప్రయాణమునాడే దిగింది. మేము తడిబట్టలతో గదికి వస్తే, "నీళ్లు చల్లగా ఉన్నాయా నాయనా?" అని అడిగింది. ఆనాడు మిగిలిన డబ్బెంతో గుర్తు లేదు. ఆ మాట మరువలేదు.

కనుక గదికన్న ముందు మీతో వచ్చేవారిని చూడండి. పెద్దలుంటే కింది గది, దానికి ఆనుకొని మరుగుదొడ్డి ఉన్నవా అని అడగండి. పసిపిల్లలుంటే పాలు కాచుకొనే వీలున్న బంధువుల ఇల్లు మేలు. ముందుగా కబురు పంపి, కూరగాయలైనా చేతపట్టుకొని వెళ్లండి. పడుచువారికి నెల్లూరులో చిన్న లాడ్జి చాలును. డబ్బు చాలకపోతే ఒక రాత్రి తగ్గించుకోండి గాని, అమ్మను మాత్రం మెట్లెక్కించకండి.