మంచు వాలుపై తొలిపాఠములు

మా బుక్కపట్నపు చెరువు పదునాలుగవ శతాబ్దమున బుక్కరాయలు చిత్రావతీ జలములను నిలుపుటకై కట్టించినది. ఆ కట్టమీద పెరిగినవారికి నీరనగా ఎదురుచూడవలసినది, పొదుపుగా వాడుకొనవలసినది, కొన్ని యేండ్లు అసలే రానిది. కావున కాశ్మీరములో తంగ్‌మార్గ్ దాటి, చక్రములకు ఇనుపగొలుసులు బిగించిన జీపులో కొండత్రోవ నెక్కి, సరళవృక్షముల నడుమనుండి గుల్మార్గ్ మైదానము కన్నులబడినప్పుడు, అంత నీరు గడ్డకట్టి కొండలన్నిటిమీద పరచుకొనియుండుట చూచి, వచ్చిన పనిని కొంతసేపు మరచితిని. శీతకాలమున మధ్యధరా సముద్రపు దిక్కునుండి వచ్చు గాలులు తేమను మోసికొనివచ్చి, పీర్‌పంజాల్ శ్రేణిని తాకి, దానిని మంచుగా దింపిపోవును. వేసవిలో అదియే కరగి జీలం నదిని నింపును.

వచ్చిన పని, నలుబది దాటిన వయస్సున స్నోబోర్డు, అనగా రెండు పాదములను బిగించుకొని మంచుపై జారు పలకను, నేర్చుకొనుట.

ఈ లోయకు మంచుక్రీడ క్రొత్తది కాదు. 1927లోనే ఆంగ్ల సైనికాధికారులు ఇచ్చట భారత స్కీ క్లబ్బును స్థాపించిరి. 1968లో కేంద్రప్రభుత్వపు స్కీయింగ్, పర్వతారోహణ శిక్షణసంస్థ వెలసినది. స్నోబోర్డు మాత్రము వయస్సున చిన్నది. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున షెర్మన్ పాపెన్ అను నాతడు తన కూతుళ్ళ ఆటకై రెండు స్కీపలకలను జోడించి కట్టినది దీనికి మూలము. 1998లో నాగానో ఒలింపిక్స్‌లో దీనికి స్థానము దొరకినది. ఆ యేడే గుల్మార్గ్‌లో రోప్‌వే తొలిదశ ప్రారంభమైనది. 2005లో వచ్చిన రెండవదశ మనుష్యులను అఫర్వత్ కొండమీద సుమారు 3,950 మీటర్ల యెత్తునకు చేర్చుచున్నది. అయినను తొలివిద్యార్థికి ఆ యెత్తుతో పనిలేదు; వానికి మైదానపు అంచునగల పిల్లవాలులే పాఠశాల.

నా శిక్షకుడు తంగ్‌మార్గ్ సమీపగ్రామపు యువకుడు. మొదట నన్ను వెనుకనుండి మెల్లగా త్రోసి, తూలినపుడు ముందుగా ఏ పాదము పడినదో గమనించి, ఆ పాదమే పలకకు ముందుండవలెనని నిర్ణయించెను. పిదప ఆ యొక్క పాదమునే బిగించి, రెండవదానితో మంచును తన్నుచు నడచుట నేర్పెను. అటుపిమ్మట చాలసేపు పడుట నేర్పెను. పడునపుడు అరచేయి చాచుట మనుష్యునకు పుట్టుకతో వచ్చిన గుణము. తొలినాళ్ళలో ఎక్కువగా విరుగునదియు మణికట్టే. పిడికిలి బిగించి ముంజేతులమీద పడవలెను, వెనుకకైన చతికిలబడవలెను. ఆ చేయి చాచు గుణమును మాన్పించినగాని అతడు నన్ను వాలుమీదికి రానీయలేదు. పడుటను ఇంత శ్రద్ధతో నేర్పు గురువును నేనింతకుముందు ఎరుగను.

రెండు పాదములును బిగిసిన తరువాత అసలు కష్టము మొదలగును. పలకకు ఇరువైపుల ఉక్కు అంచులు గలవు. వాలునకు అడ్డముగా నిలిచి మడమలవైపు అంచును మంచులో నొక్కిన ఆగుదుము, కొంచెము సడలించిన జారుదుము. దిగువనున్న అంచు మంచులో తగులుకొన్నచో మాత్రము తేరుకొనునంతలోనే నేలగరచుట తప్పదు. ఇంతవరకు బుద్ధికి అందునట్టిదే. అందనిది వేరొకటి: పలక ముక్కును దిగువకు తిప్పి విడిచినపుడు దేహమంతయు భయముచే ఎగువకు వాలును, బరువు వెనుకకాలిమీదికి పోవును, వెనువెంటనే పలక చెప్పినమాట వినుట మానును. పలక వశములో నుండవలెనన్న, దేనిని చూచి భయపడుచున్నామో ఆ దిగువకే, ముందుకాలిమీదికే, బరువు నీయవలెను. పిల్లలకీ బోధ అక్కరలేదు. పెద్దవాడు విరిగిన కాలివలని ఖర్చును, సెలవును, ఇంటివారి మాటలను ముందే లెక్కవేసికొని నిలుచును గనుక, వానికి ప్రతి కదలికకును కారణము చెప్పినగాని దేహము కదలదు. మా శిక్షకుడు విసుగులేక కారణములు చెప్పెను. పెద్దలకు నేర్పుట ప్రత్యేకవిద్య యని, దానికి మన ప్రాంతమున దక్కవలసిన గౌరవము దక్కలేదని అప్పుడు నాకు గట్టిగా తోచినది. ఇరువదియైదు నిండినతోడనే నేర్చుకొను కాలము ముగిసినదని తలచు మా సీమలో, ఈత మొదలు సంగీతము వరకు ఎందరి కోరికలు ఈ విధముగనే అణగిపోయినవో!

నాతో ధర్మవరపు పట్టుమగ్గాల ఇంటి కుర్రవాడొకడు నేర్చుకొనుచుండెను, బెంగుళూరులో ఉద్యోగము. నేను వాలునడుమ కూలబడి ఊపిరి పీల్చుకొనుచుండగా పైనుండి, "లెయ్యన్నా, పడితే పడ్తిమిలే, మళ్ల పోదాం పా!" అని కేకవేసెను. నాలుక తిరుగని హిందీలో నాటివరకు వినిన ధైర్యవచనములన్నిటికంటె అది మోకాళ్ళకు వేగముగా అందినది. లేచి, మోకాళ్ళు వంచి, చూపు పాదములనుండి మరల్చి దూరపు సరళవృక్షముపై నిలిపి, ముందుకాలికి బరువిచ్చితిని. పలక మొదట దిగువకు, పిమ్మట నేను చూచిన వైపునకు తిరిగెను. చూపు ఎటో భుజము అటు, భుజము ఎటో పలక అటు. ఇది సూత్రముగా ఎన్నిసార్లు వినినను, తిరిగిన యా క్షణమున గాని అర్థము కాలేదు.

వేళ్ళవైపు అంచుమీదికి మారు మలుపు నాకింకను స్వాధీనము కాలేదు. అందులో కొండకు ముఖము, లోయకు వీపు చూపవలెను గనుక భయము ఇంకొక పాలు అధికము. మరుసటి శీతకాలమున దానితోడనే ఆరంభింతును. మా ప్రాంతమువారెవరైన రాదలచినచో జనవరి, ఫిబ్రవరి మాసములు మేలు. పలక, బూట్లు అక్కడనే అద్దెకు దొరకును. మణికట్టు కవచములు మాత్రము ఇంటినుండియే తీసికొనిపోవలెను, శిక్షకుని రుసుములో బేరమాడరాదు.