ఆవాల మొక్కలో సోనా

"నానీ, ఆవాల మొక్క మట్టిలోంచి సోనా లాగుతుందంట!" స్కూల్ నుంచి వస్తూనే అంది మా బేటీ. దాల్‌కి బగార్ పెడుతున్న అమ్మీ నవ్వింది. "అయితే మన పోపుల డబ్బాలో ఎన్ని తులాలుందో చూడు బేటా!"

మాట ఝూట్ కాదు. నేనూ చదివాను. జమీన్‌లో సోనా ఉన్నా అది నీళ్లలో కరగదు, అందుకే వేళ్లు దాన్ని తాగలేవు. 1998లో న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు సోనా ఉన్న మట్టిలో ఆవాల మొక్కలు పెంచి, అమ్మోనియం థయోసైనేట్ అనే మందు పోశారు. సోనా కరిగింది, మొక్కల్లోకి ఎక్కింది. అలాంటి మొక్కల్ని కోసి, కాల్చి, బూడిదలోంచి సోనా తీయొచ్చన్నది వాళ్ల ఖయాల్. ఏ మందూ లేకుండానే ఆస్ట్రేలియాలో యూకలిప్టస్ ఆకుల్లో సోనా దొరికిందని 2013లో తేలింది. కానీ ఒక్క అంగూఠీకి 500 చెట్ల సోనా కావాలంట!

అందరం నవ్వుకున్నాం. అబ్బా మాత్రం నవ్వలేదు.

"మందు పోశాక మిగిలిన మట్టి సంగతేంటి?" అన్నారు.

అబ్బా జవానీ అంతా కేజీఎఫ్ గనుల్లోనే గడిచింది. అక్కడ రాయిని పొడి చేసి, సయనైడ్‌తో సోనా తీసి, మిగిలిన మట్టిని ఊరి పక్కనే గుట్టలుగా పోశారు. గాలి లేచిన రోజు అమ్మీ నీళ్ల బిందెలకు మూతలు పెట్టి, ఆరేసిన బట్టలు పరుగున తెచ్చేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ తర్వాత ఇంటి ఖర్చులకు అమ్మీ చేతి గాజులు ఒక్కొక్కటిగా అమ్ముడుపోయాయి. అబ్బా తవ్విన సోనా ఎవరింటికి పోయిందో గానీ, దుమ్ము మాత్రం మా ఇంటికే వచ్చింది.

అబ్బా సవాల్‌కి నాకు తోచిన జవాబు ఇదీ. థయోసైనేట్ సయనైడ్ అంత జహర్ కాదు. అయినా మొక్క తాగగా మిగిలిన మందు, కరిగిన లోహాలు వానకి కిందికి దిగితే బావుల్లోకే చేరతాయి. కాబట్టి ఈ ఫసల్ పంట పొలాల్లో వద్దు. ఇప్పటికే పాడైన గుట్టల మీదైతే, నీళ్లు కిందికి దిగకుండా బందోబస్తు చేశాకే వేయాలి. జమీన్ మన పిల్లల అమానత్.

అబ్బా విని, "సోనా రాకపోయినా ఫర్వాలేదు. ఆ గుట్టల మీద పచ్చగా ఏదైనా మొలిచి దుమ్ము ఆగితే చాలు" అన్నారు.

బేటీ తన నానా సవాల్‌ని కాపీలో రాసుకుంది, రేపు టీచర్‌ని అడగడానికి.