చెన్నైకి అక్క.. శాంథోమ్!

కడపలో రైలెక్కి చెన్నై వెళ్లేవాళ్లు మన పులివెందుల, లింగాల, జమ్మలమడుగు పల్లెల్లో చాలామందే ఉంటారు. ఆస్పత్రి పనో, పెళ్లి చీరలో చూసుకుని, మెరీనా బీచ్‌లో కాసేపు కూర్చుని తిరిగొచ్చేస్తారు. అదే తీరం వెంట ఇంకాస్త దక్షిణానికి వెళ్తే, చెన్నై కంటే వందేళ్ల ముందు పుట్టిన ఊరొకటి కనిపిస్తుంది. అదే శాంథోమ్!

ఏసు శిష్యుడు తోమా సమాధి ఇక్కడే ఉందన్న నమ్మకం పోర్చుగీసువారిని మైలాపూరు తీరానికి రప్పించింది. 16వ శతాబ్దం తొలినాళ్లలో సమాధి మీద చర్చి కట్టారు. చుట్టూ ఇళ్లు లేచాయి, తర్వాత కోటగోడలు వచ్చాయి. మన తీరపు బట్టలు ఓడలెక్కి మలక్కా దాకా వెళ్లాయి. 1606లో బిషప్ పీఠమూ వచ్చింది.

1639లో తెలుగు నాయకుడు దామెర్ల వెంకటాద్రి ఈ ఊరికి ఉత్తరాన కొద్ది మైళ్ల దూరంలో ఇంగ్లిషువారికి జాగా ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం వెలిసింది. చెల్లెలు ఎదిగింది, అక్కకు కష్టాలు మొదలయ్యాయి. 1650లో మన గండికోటను పట్టుకున్న గోల్కొండ నవాబులే 1662లో శాంథోమ్‌నూ గెలిచారు. 1672లో ఫ్రెంచివారు లాక్కున్నారు. రెండేళ్లకే డచ్చివారు, గోల్కొండవారు కలిసి వాళ్లను వెళ్లగొట్టారు. 1749లో ఊరు ఇంగ్లిషువారి చేతికి చిక్కి మద్రాసులో కలిసిపోయింది.

ఇప్పుడు వెళ్తే కోట కనిపించదు. ఆకాశాన్నంటే తెల్లటి చర్చి కూడా పోర్చుగీసువారిది కాదు, 1896లో ఇంగ్లిషువారి హయాంలో తిరిగి కట్టింది. సమాధి మాత్రం దాని కిందే ఉంది. పాత రూపం చూడాలంటే మైలాపూరులోని లజ్ చర్చికి వెళ్లాలి. అక్కడి రాతి మీద 1516 అని చెక్కి ఉంటుంది. ఒకప్పుడు చుట్టూ చెట్లే కాబట్టి తమిళులు దాన్ని 'కాట్టు కోవిల్', అంటే అడవి గుడి అంటారు.

ఆ దగ్గర్లోనే కపాలీశ్వరాలయం. అసలు గుడి సముద్రపు ఒడ్డున ఉండేదనీ, పోర్చుగీసువారి కాలంలో అది పోయాక ఇక్కడ మళ్లీ కట్టారనీ చెబుతారు. ఒకరి గుడిని పోగొట్టినవారి కోట కూడా చివరికి నిలవలేదు!

పోర్చుగీసువారు మనకు మిగిల్చినవి వేరే ఉన్నాయి. మేస్త్రి, అలమర, బొత్తాం, పాదిరి, అనాస.. లింగాలలో రోజూ వినబడే ఈ మాటలన్నీ వాళ్ల ఓడల్లో వచ్చినవే.

ఈసారి చెన్నై వెళ్తే ఒక పూట మిగుల్చుకోండి. లోకల్ రైల్లో తిరుమయిలై స్టేషన్‌లో దిగితే గుడి, లజ్ చర్చి రెండూ దగ్గరే. అక్కడి నుంచి ఆటోలో శాంథోమ్ చేరుకోవచ్చు.