వేలు ఒకచోట, పఠనం మరొకచోట

దేవరుప్పుల పరిసరాల పిల్లలకు ఏళ్ళ తరబడి ఖాయిదా, నాజిరా బోధిస్తున్నాము. మా చేతి బెత్తం దెబ్బలు తిన్నవారు ఎందరో ఉన్నారు. వారిలో ఒక బాలుని విషయంలో మేము చేసిన తప్పును పాఠకుల ముందు ఒప్పుకోవలసి ఉన్నది.

ఆ బాలునికి అప్పుడు తొమ్మిదేళ్ళు. నానమ్మ ఫజ్ర్ తరువాత పారాయణం చేస్తుండగా విని, యాసీన్ సూరా సగానికి పైగా కంఠస్థం చేశాడు. ముస్‌హఫ్ ముందు కూర్చోబెడితే మాత్రం నోరు సరిగానే పఠించేది. వేలు వేరే పంక్తి మీద తిరిగేది. దానిని మేము మోసమనుకున్నాము. ఒకనాడు ఆ వేలి మీదనే కొట్టాము. "చర్మం మీది, ఎముకలు మావి హజ్రత్" అని తండ్రి అప్పగించిన బిడ్డే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాము.

బడిలో తెలుగు అక్షరాలతోనూ ఇదే అవస్థ అని తల్లి వచ్చి చెప్పింది. "మొద్దు కాదు హజ్రత్, అంగట్లో చిల్లర లెక్క నాకంటే ముందే చెప్తడు" అని కంటతడి పెట్టింది. వైద్యులు ముందుగా చూపు, వినికిడి పరీక్షించారు; రెండూ బాగున్నాయి. ఆ పిమ్మట నిపుణులు పరీక్షించి డిస్‌లెక్సియా అన్నారు. తెలివికి లోటు లేదు. అక్షరాన్ని దాని ధ్వనితో జతపరచటంలోనే చిక్కు.

బా, తా, సా మూడింటిదీ ఒకే ఆకారం, చుక్కలలోనే భేదం. జీమ్, హా, ఖా కూడా అంతే. పైగా మన పిల్లలు ఉదయం కుడి నుండి ఎడమకు, పగలు ఎడమ నుండి కుడికి చదవాలి. ఈ లోపానికి కారణం అది కాదు గాని, అటువంటి బిడ్డకు అదనపు బరువే.

తడబడుతూ, కష్టపడుతూ ఖుర్ఆన్ పఠించేవారికి రెండు ప్రతిఫలాలున్నాయని దైవప్రవక్త (స) శుభవార్తనిచ్చారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. జల్సాలలో ఎన్నిసార్లు వినిపించామో! ఆ తడబాటుకే మక్తబ్‌లో మా శిక్ష.

ఇప్పుడు పంక్తి కింద అట్టముక్క పెట్టి చదివిస్తున్నాము. ఇసుకలో అక్షరం దిద్దిస్తూ పలికిస్తున్నాము. రోజుకు రెండు మూడు అక్షరాలే. అందరి ముందు గట్టిగా చదవమనటం మానివేశాము. బాలునికి క్షమాపణ కూడా చెప్పుకున్నాము. వాడు ఏమీ అనక, సబక్ వినిపించటం మొదలుపెట్టాడు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో అభ్యసన వైకల్యం ఒకటి. అర్హులకు పరీక్షలో అదనపు సమయం, లేఖకుని సాయం, రెండవ, మూడవ భాషల మినహాయింపు వంటి వెసులుబాట్లను ఆ చట్టం పేర్కొన్నది. అందుకు ధ్రువపత్రం కావాలి. తండ్రి ఇంకా ఒప్పుకోలేదు. "ముద్ర పడితే రేపు సంబంధాలు వస్తయా హజ్రత్?" అంటున్నాడు. బెత్తాన్ని మెచ్చుకున్న నాడు ఆయనకు అడ్డు చెప్పనివారము, ఈనాడు గట్టిగా మాట్లాడటానికి సంకోచిస్తున్నాము. అయినా వచ్చే జుమా నమాజు తరువాత మళ్ళీ వారింటికి వెళతాము, ఇన్‌షా అల్లాహ్.