కమీషన్ లేని కన్ను

నెల్లూరులో మా రియల్ ఎస్టేట్ ఆఫీసు రెండే గదులు. ముందు గదిలో నేను, వచ్చేపోయే పార్టీలు, గోడకు టౌను మ్యాపు. లోపలి గదిలో ఒక కంప్యూటరు, రెండు ఇనప బీరువాలు, మా ఆఫీసు చూసుకునే ఆమె. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. చుట్టుపక్కల మధ్యవర్తులందరికీ ఆమె ‘ఆఫీసక్క’. నన్ను ‘అన్నా’ అంటుంది, నేను ‘అమ్మా’ అంటాను. 14 ఏళ్లుగా ఈ రెండు పిలుపుల మీదే మా వ్యాపారం నడుస్తోంది.

మా ఊళ్లో ఇళ్ల స్థలాన్ని ఇప్పటికీ అంకణాల్లోనే చెప్పుకుంటాం. ఇక్కడ అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. తిరుపతి వైపు వెళితే అదే మాటకు 36 చదరపు అడుగులే. అందుకే ఎవరు ఫోన్ చేసి అంకణం రేటు అడిగినా, ఆమె ముందు ‘ఏ ఊరి లెక్కండీ?’ అని అడిగి, తర్వాతే ధర చెబుతుంది.

ఒకసారి రిటైరైన టీచర్ల జంట ఇంటి స్థలం కోసం వచ్చింది. 36 అంకణాల బిట్టు, తూర్పు ఫేసింగ్, వాళ్లకు బాగా నచ్చింది. అమ్మేవాళ్లు జిరాక్సు సెట్టు ఇచ్చారు. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించాం. అప్పు లేదు, తాకట్టు లేదు, శుభ్రంగా ఉంది. మర్నాడు దశమి, మంచిరోజు, అడ్వాన్సు ఇచ్చేస్తామన్నారు. అగ్రిమెంటు సిద్ధం చేయమని నేను లోపలికి చెప్పాను.

సాయంత్రం ఆరింటికి ఆమె రెండు దస్తావేజులు తెచ్చి నా బల్ల మీద పక్కపక్కన పరిచింది.

“అన్నా, ఈ స్థలం 1994లో 30 అంకణాలు. 2009లో 36 అయింది. ఆ ఆరు అంకణాలు ఎక్కడివి?”

“కొలతల్లో కాస్త అటూ ఇటూ ఉంటుందిలేమ్మా” అన్నాను.

“ఉత్తర దక్షిణాలు రెండింట్లోనూ 72 అడుగులే. తూర్పు పడమరలే 30 ఉన్నది 36 అయింది. ఇదిగో, పాతదాంట్లో పడమర హద్దు పంట కాలువ. కొత్తదాంట్లో దారి అని రాశారు” అంటూ వేలు పెట్టి చూపించింది.

స్థలం ఆరడుగులు కాలువలోకి జరిగింది. ఏ దస్తావేజు ఎప్పుడు రిజిస్టరైందో ఈసీ చెబుతుంది గాని, అందులో రాసిన కొలత నిజమో కాదో చెప్పదు. అది చదివే మనిషి పట్టుకోవాల్సిందే.

టీచరుగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. సర్వే చేయించి, 30 అంకణాలకే ధర కట్టమన్నాను. అమ్మేవాళ్లు ఒప్పుకోలేదు, కాగితాలు తీసుకుని వెళ్లిపోయారు. ఆ నెల ఆఫీసు అద్దె ఇంటి డబ్బులోంచి కట్టాను. రెండు రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాను. ఆమె మాత్రం ఎప్పటిలాగే తొమ్మిదిన్నరకు వచ్చి, డైరీ తెరిచి, ఆ రోజు ఎవరెవరికి ఫోన్ చేయాలో రాసి నా ముందు పెట్టింది. మూడో రోజు నాకు సిగ్గేసింది. జీవితమంతా పొదుపు చేసుకున్న ఇద్దరు మనుషులను ఆమె కాపాడితే, నేను మొహం మాడ్చుకు కూర్చున్నాను.

ఆ ఏడాది దసరాకు ఒక మాట అన్నాను. “ఇకనుంచి ప్రతి బేరం మీద నీకూ కొంత పర్సంటేజీ ఇస్తానమ్మా.” ఆమె ఆ రాత్రి ఆలోచించుకుని, మర్నాడు వద్దంది.

“జీతం పెంచితే చాలన్నా. పర్సంటేజీ ఉంటే, ఫైలు చూసేటప్పుడు పిల్లల ఫీజులు గుర్తొస్తాయి.”

ఆ 1994 దస్తావేజు నేనూ చదివాను. 25 ఏళ్ల అనుభవం నాది. అయినా పంట కాలువ నా కళ్లకు ఆనలేదు. బేరం కుదరాలని మనసు కోరుకుంటుంటే, కన్ను దానికి అడ్డమొచ్చే అక్షరాన్ని దాటుకుంటూ పోతుంది. కమీషన్ మీద బతికే ప్రతివాడికీ ఈ జబ్బు ఉంటుంది. అందుకే బేరం కుదిరినా చెడినా ఒకటో తారీఖున ఒకే జీతం అందుకునే మనిషి ఒకరు ఆఫీసులో ఉండాలి.

పెద్ద కంపెనీల్లో లీగల్ చూడటానికి వకీళ్లుంటారు, లెక్కలకు ఒకరు, సర్వేకు ఒకరు, కస్టమర్లతో మాట్లాడటానికి ఇంకొకరు. చిన్న ఆఫీసులో అదంతా ఒక్క మనిషే. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది కాబట్టి, అంతకు ముందు సంగతులు కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. ఆధార్‌లోనూ పాన్‌లోనూ పేరు ఒకేలా ఉందో లేదో చూడాలి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ కట్టాలని ముందే చెప్పాలి. అమ్మేవాళ్లు ఎన్నారైలైతే ఆ లెక్కే వేరు. వెంచర్ బ్రోచరు ఎవరు తెచ్చినా ఆమె అడిగే మొదటి మాట ‘రెరా నంబరేది?’ అని. 2016 రెరా చట్టం ప్రకారం, రిజిస్టరు కావాల్సిన ప్రాజెక్టు రిజిస్టరు కాకుండా ఏజెంటు దాన్ని అమ్మిపెట్టకూడదు. తప్పితే రోజుకు 10,000 రూపాయల జరిమానా.

ఇవన్నీ నేర్పితే వచ్చే పనులు. నేర్పినా రానిది ఇంకొకటి ఆమె దగ్గర ఉంది.

పోయినేడాది ఒక పెద్దావిడ, భర్త పోయాక మిగిలిన ఒక్క స్థలమూ అమ్ముకుంటోంది. రిజిస్ట్రేషన్ రోజున యంత్రం ఆవిడ వేలిముద్ర తీసుకోలేదు. ఏళ్ల తరబడి నాట్లు వేసి, కలుపు తీసిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. రెండుసార్లు, మూడుసార్లు పెట్టించారు. వెనక లైను పెరుగుతోంది, ఆవిడ చెయ్యి వణుకుతోంది. మా ఆఫీసక్క ఆవిడను పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, చేతిరుమాలు తడిపి ఒక్కో వేలూ తుడిచింది. తన రెండు అరచేతుల మధ్య ఆ చెయ్యి పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంది. “తొందరేం లేదు పెద్దమ్మా” అంది. తర్వాత ఇంకో వేలు పెట్టిస్తే ముద్ర పడింది. ఆ పెద్దావిడకు నా పేరు గుర్తుండదు. వీధిలో ఎవరైనా స్థలం అమ్ముతామంటే మాత్రం మా ఆఫీసుకే పంపుతుంది, “ఆ తల్లి ఉండే చోటికి పొండి” అని.

కొత్తగా ఆఫీసు తెరిచే కుర్రాళ్లు నా దగ్గరికి సలహాకు వస్తుంటారు. ఫ్లెక్సీకి ఎంత, సోఫాకు ఎంత, సైటు చూపించడానికి కారు ఏది కొనాలి అని అడుగుతారు. వాటికంటే ముందు ఓపికగా చదివే మనిషిని ఒకరిని వెతుక్కోమంటాను. జీతం మీరు అనుకున్నదానికంటే ఎక్కువివ్వండి, ఆ జీతాన్ని బేరాలకు ముడిపెట్టకండి, మీ బేరాన్ని ఆపే హక్కు కూడా ఆ మనిషికే ఇవ్వండి అంటాను. మూడోదే అన్నిటికంటే కష్టం. నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు మా ఆఫీసులో ప్రతి ఫైలుకూ పై మూల పెన్సిల్‌తో ఆమె పెట్టే చిన్న టిక్కు ఉంటుంది. అది పడేదాకా నేను ఎవరి దగ్గరా అడ్వాన్సు ముట్టుకోను. ఇది రాస్తుంటే లోపలి గదిలోంచి ఆమె గొంతు వినిపిస్తోంది. ఏదో పాత దస్తావేజు హద్దులు తనలో తానే పైకి చదువుకుంటోంది. తూర్పు, దక్షిణం, పడమర... పడమర దగ్గర ఆగింది. ముందు గదిలో పార్టీ అడ్వాన్సు కవరు పట్టుకుని కూర్చుంది. కాఫీ తెప్పించాను. ఆగుతాం.