మలుపు దగ్గర తేలిపోతుంది... ఎవరిది ఏ గ్రూపో!

రెండొందల సీసీ బండి మీద పాతికేళ్ల కుర్రాడు. వెయ్యి సీసీ సూపర్‌బైకు మీద నలభై ఏళ్ల పెద్దమనిషి. ఇద్దరినీ ఒకే రేస్ ట్రాక్ మీదికి వదిలితే ఎవరు ముందుంటారు? 'ఇంకెవరు... పెద్ద బండే!' అనుకుంటే పప్పులో కాలేసినట్టే. తిన్నటి దారిలో పెద్ద బండి రయ్‌మని వెళ్లిపోతుంది, నిజమే. కానీ మలుపు రాగానే కథ మారిపోతుంది. అక్కడ పనిచేసేది ఇంజిన్ కాదు, నడిపేవాడి నేర్పు. అందుకే ట్రాక్ డే రోజున అందరినీ ఒకేసారి వదలరు. ఎవరి స్థాయి ఏమిటో చూసి గ్రూపులుగా విడదీస్తారు. ఆ విభజన వెనక బోలెడంత లెక్క ఉంది. కొన్ని ప్రాణాలూ ఉన్నాయి.

శ్రీపెరంబుదూరు పక్కనే...

చెన్నై నుంచి బెంగళూరు హైవే మీద ఓ నలభై కిలోమీటర్లు వెళ్తే శ్రీపెరంబుదూరు. రామానుజాచార్యులు పుట్టిన ఊరుగా భక్తులకూ, 1991లో రాజీవ్‌గాంధీ హత్య జరిగిన చోటుగా దేశానికీ తెలుసు. దానికి కాస్త ముందే ఇరుంగాట్టుకోట్టై వస్తుంది. ఒకవైపు హ్యుందాయ్ కార్ల ఫ్యాక్టరీ, చుట్టూ పారిశ్రామిక వాడ. ఆ మధ్యలోనే ఉంది బైకు ప్రియుల తీర్థక్షేత్రం... మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. నిన్నమొన్నటి దాకా దీని పేరు మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్.

1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దీని సొంతదారు. అంతకుముందు వాళ్ల పందాలన్నీ షోలవరంలో జరిగేవి. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే అది. పోటీల కోసమే కట్టిన సొంత ట్రాక్ 1990లో ఇక్కడ సిద్ధమైంది. పొడవు 3.717 కిలోమీటర్లు. మలుపులు పన్నెండు. వాటికి పేర్లు పెట్టే పని పెట్టుకోలేదు. సీ1, సీ2, సీ3... అంతే! ముఖ్యమైన తిన్నటి దారి చివర వచ్చే సీ1 పేరు చెబితే చాలు, ఇక్కడ బండి నడిపినవాళ్ల అరచేతులకు చెమట పడుతుంది. మంచి వేగంలో కుడివైపు తిరగాల్సిన మలుపు అది.

జాతీయ పోటీలు లేని రోజుల్లో ఇలాంటి ట్రాక్‌ల మీద 'ట్రాక్ డే'లు జరుగుతుంటాయి. పోటీ ఉండదు, కప్పులుండవు. రుసుము కట్టి, మన బండిని మనమే తెచ్చుకుని, ఎదురుగా లారీ వస్తుందన్న భయం లేకుండా నడుపుకోవచ్చు. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, నెల్లూరు నుంచి వచ్చే తెలుగు కుర్రాళ్లూ ఉంటారు. బండిని మినీ ట్రక్కులో ఎక్కించి తెచ్చేవాళ్లు కొందరైతే, రాత్రంతా దాని మీదే వచ్చి పొద్దున్నే అద్దాలు విప్పేవాళ్లు ఇంకొందరు.

అద్దాలు విప్పడం ఎందుకంటే...

తెల్లవారేసరికి పిట్ ప్రాంతమంతా పెళ్లివారి విడిదిలా సందడిగా ఉంటుంది. 'అన్నా, టైర్లో గాలి ఎంత పెట్టావ్?', 'తమ్ముడూ, ఆ టేపు ఇలా ఇవ్వు' అంటూ ఒకటే హడావుడి. ముందు బండి తనిఖీ. నూనె కారకూడదు. బ్రేకులు, చైను సరిగ్గా ఉండాలి. హెడ్‌లైటుకూ ఇండికేటర్లకూ టేపు అతికించాలి. కింద పడితే గాజుపెంకులు ట్రాక్ మీద చెల్లాచెదురు కాకుండా అన్నమాట. అద్దాలు విప్పెయ్యాలి, లేదా టేపు వెయ్యాలి. వెనక ఎవరొస్తున్నారో చూడటం ఇక్కడ మన పని కాదు. ముందున్నవాడిని జాగ్రత్తగా దాటుకు వెళ్లే బాధ్యత వెనకవాడిదే. ట్రాక్ మీద మొదటి సూత్రం ఇదే.

తర్వాత మనిషి తనిఖీ. తల మొత్తాన్నీ కప్పే హెల్మెట్, తోలు సూటు, చేతులకు గ్లౌజులు, చీలమండలు దాటే బూట్లు, వెన్నుకు రక్షణ కవచం... ఏ ఒక్కటి లేకపోయినా గేటు దాటనివ్వరు. ఆ పైన అందరినీ కూర్చోబెట్టి నియమాలు చెబుతారు. అది వినకపోయినా ట్రాక్ ఎక్కనివ్వరు.

మూడు గ్రూపులు... ఒక గంట

సాధారణంగా గ్రూపులు మూడు. కొత్తవాళ్లు, మధ్యస్థులు, ఆరితేరినవాళ్లు. ఒక్కో గ్రూపుకు పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. ఒకరు ట్రాక్ మీద ఉంటే మిగతా ఇద్దరూ నీడన కూర్చుని నీళ్లు తాగుతుంటారు. అంటే గంటకోసారి మన వంతు వస్తుందన్నమాట. ఆ విరామం బండి కన్నా మనిషికే ఎక్కువ అవసరం. చెన్నై ఎండలో తోలు సూటు వేసుకుని ఇరవై నిమిషాలు నడిపితే చొక్కా పిండుకోవాల్సిందే!

ఇంతకీ ఈ విడదీయడం ఎందుకు? చిన్న లెక్క చూద్దాం. నేర్పున్న రైడర్ ఒక చుట్టును 2 నిమిషాల్లో పూర్తి చేస్తున్నాడనుకుందాం. కొత్తవాడికి రెండున్నర నిమిషాలు పడుతోంది. ఇద్దరికీ తేడా అర నిమిషమే. 3.717 కిలోమీటర్ల ట్రాక్ మీద మొదటివాడి సగటు వేగం గంటకు దాదాపు 111 కిలోమీటర్లు, రెండోవాడిది 89. చూడటానికి పెద్ద తేడాలా అనిపించదు. కానీ మొదటివాడు ఐదు చుట్లు తిరిగేసరికి రెండోవాడివి నాలుగే అవుతాయి. ఇద్దరూ ఒకేసారి బయల్దేరినా పది నిమిషాలకోసారి ఒకరు మరొకరిని దాటాల్సిందే. అలాంటివాళ్లు చెరో పదిమంది కలిసి తిరిగితే? ఇరవై నిమిషాల్లో కొన్ని వందల దాటివేతలు! అవీ ఎక్కువగా మలుపుల దగ్గరే.

అసలు ప్రమాదం సగటు వేగంలో లేదు, మలుపులో ఉంది. ఒకే మలుపును ఒకరు గంటకు 108 కిలోమీటర్ల వేగంతో, మరొకరు 72తో తిరుగుతున్నారనుకుందాం. తేడా సెకనుకు పది మీటర్లు. యాభై మీటర్ల అవతల కనిపించిన బండి అయిదు సెకన్లలో ముక్కు ముందు ఉంటుంది. వంగి ఉన్న బండిని గట్టిగా బ్రేకు వేసి ఆపలేం. ముందున్నవాడు బెదిరి ఒక్కసారిగా పక్కకు జరిగితే ఇద్దరూ కిందే. అందుకే గ్రూపులను విడదీసేటప్పుడు నిర్వాహకులు ఎవరు ఎంత వేగంగా వెళ్తారన్నది ఒక్కటే చూడరు. పక్కపక్కనే తిరిగేవాళ్ల మధ్య తేడా ఎంత తక్కువ ఉందన్నది చూస్తారు.

తేడా ఎక్కడొస్తుంది?

బండ్లన్నీ ఫ్యాక్టరీల నుంచి వచ్చినవే, టైర్లన్నీ రబ్బరువే. మరి ఒకడు అర నిమిషం ముందు ఎలా వస్తున్నాడు? మొదటి కారణం చూపు. కొత్తవాడు ముందు చక్రానికి పది మీటర్ల అవతల చూస్తాడు. అనుభవజ్ఞుడు మలుపు లోపలికీ, అది ముగిసే చోటికీ చూస్తాడు. చూపు ఎటు ఉంటే బండి అటే పోతుంది. భయపడి గడ్డి వైపు చూసినవాడు గడ్డిలోకే వెళ్తాడు.

రెండోది బ్రేకు. వేగం రెట్టింపైతే బండి ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. ఈ భయంతో కొత్తవాళ్లు మలుపు చాలా దూరంలో ఉండగానే యాక్సిలరేటర్ వదిలేస్తారు. కొందరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆలస్యంగా బ్రేకు వేసి, మలుపు మధ్యలో కంగారుపడతారు. నేర్పున్నవాడు నిటారుగా ఉన్నప్పుడే పని ముగించుకుని, మలుపులో యాక్సిలరేటర్‌ను మెల్లగా, ఆపకుండా పెంచుకుంటూ పోతాడు.

మూడోది గీత. బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచును తాకి, మళ్లీ బయటికి వచ్చే దారి పట్టుకుంటే మలుపు వంపు తగ్గినట్టవుతుంది. అదే వేగానికి బండిని తక్కువ వంచితే సరిపోతుంది.

ఈ విద్యను పాఠాలుగా మలిచినవారిలో ముఖ్యుడు అమెరికాకు చెందిన కీత్ కోడ్. 1980లో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూలును ప్రారంభించాడాయన. ఆ స్కూలు చెన్నై ట్రాక్ మీదా శిక్షణ తరగతులు నిర్వహించింది. 1983లో వచ్చిన 'ఎ ట్విస్ట్ ఆఫ్ ద రిస్ట్' పుస్తకంలో ఆయనో చక్కటి పోలిక చెబుతాడు. మనిషి ధ్యాసను పది డాలర్ల నోటు అనుకోమంటాడు. కొత్తగా నేర్చుకునేటప్పుడు అందులో చాలా భాగం ఒక్క పనికే ఖర్చయిపోతుంది. అలవాటయ్యాక అదే పని అయిదు పైసలకు అయిపోతుంది. మిగిలినదంతా ముందున్న దారి మీద పెట్టొచ్చు. గ్రూపుల మధ్య అసలు తేడా ఇదే. ఆరితేరినవాడికి ధైర్యం ఎక్కువని కాదు, జేబులో ధ్యాస ఎక్కువ మిగులుతుంది!

పెద్ద బండి... చిన్న చిక్కు

దరఖాస్తులో 'మీరు ఏ గ్రూపు?' అన్న ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నాం, లక్షలు పోసి సూపర్‌బైకు కొన్నాం, కొత్తవాళ్లలో చేరడమేమిటన్న నామోషీ. తీరా పై గ్రూపులోకి వెళ్లాక మలుపు మలుపుకీ వెనకవాళ్లకు అడ్డం. తిన్నటి దారి రాగానే ఇంజిన్ బలంతో అందరినీ వదిలేసి పోవడం, మళ్లీ మలుపులో దొరికిపోవడం. వెనక 155 సీసీ ఆర్15 మీదో, కేటీఎం ఆర్‌సీ 390 మీదో వచ్చే కుర్రాడికి సహనపరీక్షే. మలుపులో దాటే నేర్పుంది, తిన్నటి దారిలో దాటే ఇంజిన్ లేదు. ఇద్దరి విసుగూ కలిసిన చోట ప్రమాదం పుడుతుంది.

ట్రాక్ మారితే ఈ చిక్కు రూపమూ మారుతుంది. కోయంబత్తూరు దగ్గర 2003లో మొదలైన కరి మోటార్ స్పీడ్‌వే పొడవు 2.1 కిలోమీటర్లే. అక్కడ చిన్న బండ్లూ పెద్ద బండ్లతో బాగానే పోటీపడతాయి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు. 2011 నుంచి 2013 వరకూ ఫార్ములా వన్, 2023లో మోటో జీపీ జరిగిన చోటు. కిలోమీటరుకు పైగా ఉన్న అక్కడి తిన్నటి దారిలో చిన్న బండి పక్క నుంచి పెద్ద బండి తూటాలా దూసుకుపోతుంది. అందుకే కొందరు నిర్వాహకులు నేర్పుతో పాటు సీసీలను కూడా చూస్తారు.

జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌ది ఇంకో కథ. 1927 నాటి ఈ ట్రాక్‌లో ఉత్తరపు చుట్టు 20.8 కిలోమీటర్లు. సామాన్యులకు తెరిచే వేళల్లో 2024 వరకూ కార్లూ బైకులూ అన్నీ కలిసే వెళ్లేవి, గ్రూపుల్లేవు. బదులుగా మామూలు రోడ్డు చట్టమే వర్తిస్తుంది. ఎడమవైపు నుంచే దాటాలి, నెమ్మదిగా వెళ్లేవాళ్లు కుడివైపు ఉండాలి. నియమం ఏదైనా ఉద్దేశం ఒక్కటే... వెనకవాడు ఏం చేస్తాడో ముందువాడికి ముందే తెలియాలి.

మన దగ్గర కొత్తవాళ్ల గ్రూపులో మలుపుల్లో దాటడం సాధారణంగా నిషిద్ధం. తిన్నటి దారిలోనే, అదీ తగినంత ఎడం పాటిస్తూ దాటాలి. మధ్యస్థులకు మలుపు బయటివైపు నుంచి అనుమతిస్తారు. ఆరితేరినవాళ్లకు కాస్త స్వేచ్ఛ ఎక్కువ. పొద్దున ఎంచుకున్న గ్రూపు సాయంత్రం దాకా ఉండాలనీ లేదు. శిక్షకులు గమనిస్తూనే ఉంటారు. బాగా నడిపేవాళ్లను పైకి, తడబడేవాళ్లను కిందికి మారుస్తారు. కిందికి వచ్చినవాళ్లలో చాలామందికి మొదట ముఖం మాడిపోతుంది. ఒత్తిడి తగ్గాక నాలుగు చుట్లకే ఇంకా నున్నగా, ఇంకా వేగంగా తిరుగుతారు. విచిత్రం ఏమిటంటే, వేగం పెరిగింది వేగం కోసం ప్రయత్నించడం మానేశాక!

ఇంటివాళ్లు తెలుసుకోవాల్సింది

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ట్రాక్ అంటే పూలబాట కాదు. 2023 ఆగస్టులో ఇదే సర్క్యూట్‌లో జాతీయ పోటీల సందర్భంగా పదమూడేళ్ల బెంగళూరు బాలుడు ప్రాణాలు కోల్పోయాడు. ఆ వారాంతంలో మిగిలిన పోటీలన్నీ రద్దు చేశారు. అంబులెన్సు, వైద్యులు సిద్ధంగా ఉన్న చోటే అలా జరిగితే, ఏ ఏర్పాటూ లేని రోడ్డు మీద పందాల సంగతేమిటి? హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద అర్ధరాత్రి వినిపించే సైలెన్సర్ల మోతకు గ్రూపుల్లేవు, జెండాల్లేవు. అక్కడ కొత్తవాడూ, ఆరితేరినవాడూ, పాల ప్యాకెట్ల కోసం వచ్చిన పెద్దాయనా ఒకే దారిలో ఉంటారు.

రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటిసారికే మూడు నెలల వరకూ జైలు, లేదా 5,000 రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. 2019 సవరణతో మైనరు నేరం చేస్తే తల్లిదండ్రులు లేదా వాహన యజమాని మూడేళ్ల వరకూ జైలు, 25,000 జరిమానా ఎదుర్కోవాల్సి వస్తుంది. ఇంకో సంగతి... మామూలు వాహన బీమా పందాలకూ, వేగ పరీక్షలకూ వర్తించదు. ట్రాక్ డేకి వెళ్లేముందు పాలసీ కాగితం ఓసారి చదువుకోవాలి.

సాయంత్రం ఆఖరి జెండా ఊపాక పిట్‌లో మళ్లీ అద్దాలు బిగించడం మొదలవుతుంది. టేపు పీకేస్తారు, టైర్లలో గాలి సరిచేస్తారు. గేటు దాటితే ఎదురుగా బెంగళూరు హైవే. కంటెయినర్లు, ఆటోలు, అడ్డంగా నడిచొచ్చే గేదెలు. పొద్దుటి నుంచి నేర్చుకున్నదానికి అసలు పరీక్ష అక్కడే. ఆ రోడ్డు మీద అన్ని గ్రూపులవాళ్లూ కలిసే ఉంటారు మరి!

జెండా ఏం చెబుతోంది?

పసుపు: ముందు ప్రమాదం. వేగం తగ్గించు, ఎవరినీ దాటకు.
పసుపు మీద ఎర్ర చారలు: ట్రాక్ జారుతోంది. నూనో, నీళ్లో ఉన్నాయి.
నీలం: నీకన్నా వేగంగా వచ్చేవాడు వెనకే ఉన్నాడు. కంగారుపడకు, నీ గీతలోనే వెళ్లు.
నలుపు: నువ్వు పిట్‌లోకి రావాలి. బండిలో లోపమో, నియమం తప్పడమో జరిగింది.
ఎరుపు: అందరూ ఆపాలి. మెల్లగా పిట్‌కు తిరిగి రావాలి.
నలుపు తెలుపు గళ్లు: ఈ వంతు ముగిసింది. నీళ్లు తాగు!